కుండ లేని మూకుళ్ళు

కుమ్మరి పోశాలు హోటల్‌కు మట్టికప్పులు దింపడానికి వచ్చాడే గానీ ఎవరితోనూ కయ్యానికి రాలేదు. సైకిల్ మీది గంప కిందికి దించి, మీద కప్పిన వరిగడ్డి తీసి, ఒక్కొక్క కప్పును గోటితో కొట్టి చూసి బల్ల మీద పెడుతున్నాడు. బీటపడ్డ కప్పు బొంగురుగా పలుకుతుంది, మంచి కప్పు కణకణమంటుంది. నలభై ఏళ్ళ నుంచి అతను కంటితో కంటే చెవితోనే ఎక్కువ ఏరుతాడు.

మాఘం నడుస్తోంది. చలి ఇంకా వదల్లేదు. జఫర్‌గఢ్ మండలంలోని ఆ ఊళ్ళో ఇంటికొకరు దగ్గుతున్నారు. హోటల్ ముందు బెంచీ మీద మఫ్లర్ చుట్టుకుని కూర్చున్న శ్రీపాల్ కూడా మూడు మాటలకోసారి ముక్కు తుడుచుకుంటున్నాడు. ఎరువుల దుకాణం అతనిదే. మొన్నటి ఎన్నికల్లో ఉపసర్పంచి కూడా అయ్యాడు. అప్పటినుంచి అతను చాయ్ తాగినా పదిమందికి ఉపన్యాసం ఇస్తూనే తాగుతున్నాడు.

"గిదేంది మరి? జ్వరం, దగ్గు, ఒళ్ళునొప్పులు. గప్పుడు గిట్లనే వచ్చె, కరోనా అన్నరు. గిప్పుడు గిట్లనే వస్తున్నది, పడిశం అంటున్నరు. పేరు మార్చి జనాన్ని పరేషాన్ చేసిండ్రు, గంతే."

ఎదురుగా నిలబడి చాయ్ ఊదుకుంటున్న అరుణ్‌కు ఆ మాట మింగుడుపడలేదు. అతను స్టేషన్ ఘన్‌పూర్‌లో రక్తపరీక్షలు చేసే చోట పదేళ్ళుగా పనిచేస్తున్నాడు.

"రెండూ ఒకటెట్లయితయన్నా? వెయ్యిమందికి పడిశం జ్వరం వస్తే ఒక్కరు పోవుడే ఎక్కువ. గది వెయ్యిమందికి వస్తే ఐదుగురు, పదిమంది పోయిండ్రు. ముసలోళ్ళల్ల అయితే ఇంకా ఎక్కువ."

"ఎవడు లెక్కవెట్టిండు? నువ్వు పోయి చూసొచ్చినవా? దేశం సంగతి ఇడిసిపెట్టు, మన ఊరి సంగతి చెప్పు. పద్దెనిమిది వందల మంది ఉన్న ఊరు. పంచాయతీ రిజిస్టర్ల కరోనా సావులు నాలుగు." శ్రీపాల్ నాలుగు వేళ్ళు ఎత్తి అందరికీ చూపించాడు. "నాలుగే! ఏ చలికాలం నలుగురు ముసలోళ్ళు పోలేదు? మరి ఫరక్ ఏమున్నది?"

"రిజిస్టర్ల ఎక్కనోళ్ళో?"

"ఎక్కనోళ్ళు వేరే రోగాలతోటి పోయినోళ్ళు. గుండె ఆగి పోయిండ్రు, షుగర్‌తోటి పోయిండ్రు. సగం మందయితే ఉత్త భయంతోటే పోయిండ్రు." శ్రీపాల్ చూపు గంప దగ్గర వంగి ఉన్న పోశాలు మీద పడింది. "గిగో, పోశాలు పెండ్లామే ఉండె. కొమురమ్మ. రాయి అసొంటి మనిషి. రోగంతోటి పోయిందా? టీవీల చూసి చూసి, భయపడి పాణం ఇడిసింది. ఏం పోశాలూ, అవునా కాదా?"

పోశాలు చేతిలోని కప్పును గోటితో కొట్టాడు. అది కణకణమంది. బల్ల మీద పెట్టాడు.

"గందుకే అంటున్న," శ్రీపాల్ అరుణ్ వైపు తిరిగిపోయాడు, జవాబు అతనికి అక్కర్లేదు. "బస్‌స్టేజీ కాడ దవాఖానకని జాగ పెట్టిండ్రు. పడిశానికి దవాఖాన ఎందుకయ్యా? ఆడ షట్టర్లు కట్టి దుకాణాలకు కిరాయికిస్తే ఊరికి ఆమ్దానీ. గురువారం గ్రామసభల తీర్మానం చేసుకుందాం, ఐపోతది."

పోశాలుకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ తల కిందికే వంగింది. శ్రీపాల్ లాంటి పటేలు మాట్లాడుతుంటే తల వంచుకోవడం తాత నుంచి వచ్చిన అలవాటు. కోపం ఎంత వచ్చినా ఆ మెడ ముందు వంగి, తర్వాతే లేస్తుంది. గడ్డి గంపలో కుక్కుకుని, హోటలాయనకు చెప్పకుండానే సైకిలెక్కాడు. దారి పొడుగునా తనను తానే తిట్టుకున్నాడు. టీవీ చూసి భయపడిందట. వాళ్ళింట్లో టీవీ ఎప్పుడుంది గనక!

ఇంటికొచ్చి సారె ముందు కూర్చున్నాడు గానీ మట్టి మాట వినలేదు. ముద్ద మధ్యకు రావడానికే మూడుసార్లు తడబడింది. కోపంగా ఉన్న చెయ్యి మట్టికి తెలిసిపోతుంది. నాలుగోసారి సారె ఆపేసి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు.

భయపడ్డ మనిషట. కరోనా విరుచుకుపడ్డ ఆ ఏడు ఉగాది వెళ్ళిన వారం నుంచి రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు గుమ్మం బయట నిలబడేవాళ్ళు. ఒక్కోరోజు ఇద్దరు. ఊరంతా తలుపులేసుకుని కూర్చున్న రోజులవి. చచ్చినవాళ్ళ ఇంటి నుంచి వచ్చినవాళ్ళకు ఎవరూ ఎదురు కూడా పోయేవాళ్ళు కాదు. కొమురమ్మ ఒక్కతే కొంగు ముక్కుకు కట్టుకుని, కుండ తీసుకుపోయి వాళ్ళ ముందు పెట్టి వచ్చేది. జ్వరం వచ్చిన రెండో రోజు కూడా మట్టి తొక్కింది. "రేపటికి కుండల్లేకుంటె ఎట్లనయ్యా, నిలవడ్డోళ్ళను ఉత్తచేతులతోటి పంపుతమా?" అంది. అదీ ఆమె భయం!

చావుకుండకు వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. పెళ్ళికుండల కోసం డప్పులతో, పసుపు కుంకుమలతో వచ్చి, పేరుపెట్టి పిలుస్తారు. చావుకుండ కోసం వచ్చిన మనిషి పిలవడు. గుమ్మం బయట ఊరికే నిలబడతాడు. ఎవరు పోయారని కుమ్మరి అడగడు, వాళ్ళు చెప్పరు. ఆ తర్వాత కూడా ఎవరు వచ్చిందీ కుమ్మరి నోట రాకూడదు. కుండను చేతికి అందించరు, గుమ్మం అవతల నేల మీద పెడతారు. దానికి పైసా తీసుకోరు. ఒకసారి నేల మీద పెట్టిన కుండ మళ్ళీ ఇంట్లోకి రాదు. అందులో నిప్పు వేసుకుని శవానికి ముందు కొడుకు నడుస్తాడు.

ప్రతి కుండకూ మూతగా ఒక మూకుడు ఉంటుంది, రెండూ కలిసే ఆవంలో కాలుతాయి. చావుకుండ మాత్రం మూకుడు లేకుండా పోతుంది. "కుండ వాళ్ళది, మూకుడు మనది" అనేది పోశాలు తల్లి. మిగిలిన మూకుడును ఇంకో కుండకు పెట్టకూడదు. పెరట్లో గోడ వారన బోర్లించాలి. ఏడాది తిరిగి ఉగాది వచ్చేముందు వాటన్నిటినీ దంచి పొడి చేసి, ఆవం అడుగున పరిచెయ్యాలి. ఆ దంచే పని ఇంటి ఆడమనిషిది. కొమురమ్మ పోయాక పోశాలు వాటి జోలికి పోలేదు. ఏ ఏటివి ఆ ఏటికి, వరసకు వరస పేర్చుకుంటూ వచ్చాడు.

లేచి పెరట్లోకి పోయాడు. గోడ వారన గడ్డి మొలిచి, మట్టి కొట్టుకుపోయి, మూకుళ్ళు తాబేళ్ళలా బోర్లా పడి ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని మొదటిసారి లెక్కపెట్టాడు. ఇవతలి వరస, ఈ ఏడుది, ఎనిమిది. దాని వెనక పది. దాని వెనక పన్నెండు. తొమ్మిది. పదకొండు. గోడకు ఆనుకుని ఉన్న వరస దగ్గర ఆగి, గడ్డి పీకి, మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. లెక్క తప్పానేమోనని ఇంకోసారి కూడా పెట్టాడు.

నలభై ఒకటి. వరస చోటు చాలక మూల తిరిగి, బావి గట్టు దాకా పోయింది.

ఫోన్ తీసి భూపాలపల్లికి కొట్టాడు. కొడుకు జీవన్ అక్కడ బొగ్గుగనిలో టిప్పర్ నడుపుతాడు.

"గురువారం ఊరికి రా కొడుకా."

"ఏమైంది నాయినా? పాణం మంచిగ లేదా?"

"నాకేం కాలే. రమ్మంటె రా."

మర్నాడు పంచాయతీ ఆఫీసుకు పోయాడు. కార్యదర్శి జ్యోత్స్న మహబూబాబాద్ వైపు అమ్మాయి, ఈ ఊరికి వచ్చి ఏడాది అయింది. కుర్చీ చూపించి, కూర్చునేదాకా ఊరుకోలేదు. పోశాలు అడిగింది విని పాత రిజిస్టర్ తీసింది.

"అవును పెద్దయ్యా, నాలుగే ఉన్నయి. పరీక్ష చేసిన కాయిదం ఉంటేనే గట్ల రాసిండ్రు. కాయిదం లేకుంటె ఇంటోళ్ళు ఏం చెప్తే అది. ఆయాసం, గుండె, ముసలితనం... చూడుండ్రి, పేజీ నిండ గివే."

"మా ఆమెది సూడు బిడ్డా. కొమురమ్మ."

వేలితో పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి వెతికింది. "ఏడ పోయిండ్రు?"

"వరంగల్ల. దవాఖానల."

"అయితే పేరు ఈడ ఉండదు. ఏడ పోతే ఆడ రాస్తరు. అట్ల చూస్తే మన ఊరోళ్ళు ఇంకా ఎంతమందో హన్మకొండల, జనగామల ఉంటరు. మన పుస్తకంల రారు."

"మరి గా నాలుగే పట్టుకొని, గిది పడిశం అంటున్నడు గదా బిడ్డా ఆయన!"

జ్యోత్స్న రిజిస్టర్ మూసింది. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "రాసినదాంట్ల లేంది నేను ఉన్నదని చెప్పలేను పెద్దయ్యా. సభల ఎవలన్న లేచి చెప్తే మాత్రం, చెప్పిండ్రని రాస్త. గది నా చేతుల ఉన్నది."

గురువారం పొద్దున్నే మొదటి బస్సుకు జీవన్ దిగాడు. శ్రీపాల్ అన్న మాట హోటల్ దగ్గరే అతని చెవిన పడింది. తండ్రి పెరట్లో మూకుళ్ళను వరస చెడకుండా రెండు గంపల్లోకి ఎత్తుతుంటే చూసి, బ్యాగు కూడా దించకుండా నిలబడిపోయాడు.

"గివి బయటికి తీస్తరా నాయినా? సావు మూకుళ్ళు! ఊరు ఊరంత తిడతది."

"తిట్టనియ్యి."

"అమ్మ పోయి ఐదేండ్లాయె. గిప్పుడు ఆమెను నలుగుర్ల నిలవెట్టుడు ఎందుకు? వాడు కూసిండు, కుక్క అరిసిందనుకో."

"కుక్క ఇంటి ముందు అరిస్తె ఊకుంట. మీ అమ్మ మీద కాలెత్తితె ఊకుంటనా?" పోశాలుకు నాలుగు రోజులుగా లోపల కాగుతున్నదంతా కొడుకు మీదికి పొంగింది. "నువ్వు రాకుంటె మానె. నేనే మోసుకపోత."

జీవన్ బ్యాగు గడపలో పెట్టి, బరువైన గంప తానే తలకెత్తుకున్నాడు.

పంచాయతీ ముందు టెంటు వేశారు. సర్పంచి కుర్చీలో ఉంది. మొదటిసారి గెలిచిన మనిషి కావడంతో ప్రతి మాటకూ ముందు శ్రీపాల్ వైపు చూసి, ఆ తర్వాతే తలాడిస్తోంది. వందమంది దాకా పోగయ్యారు. శ్రీపాల్ లేచి షట్టర్ల లాభాలు చెప్పాడు. దవాఖాన జఫర్‌గఢ్‌లో ఉండనే ఉందన్నాడు. నాలుగు వేళ్ళు మళ్ళీ ఎత్తాడు. "మహమ్మారి మహమ్మారి అని మొత్తుకున్న ఏడే మన ఊర్ల నలుగురు పోయిండ్రు. పడిశానికి పోయేటోళ్ళు గూడ గంతే. ఇగ దవాఖాన ఎవలికి?"

అప్పుడు పోశాలు గంప దించాడు. దించి, మూకుళ్ళు ఒక్కొక్కటే తీసి నేల మీద బోర్లించడం మొదలుపెట్టాడు.

అవేమిటో తెలియనివాళ్ళు ఆ సభలో లేరు. ముందు వరసలోని ఆడవాళ్ళు చీరలు దగ్గరికి లాక్కుని వెనక్కి జరిగారు. ముసలాయన ఒకడు కర్ర ఎత్తాడు. "పోశాలూ, మతి ఉన్నదా నీకు? సావు మూకుళ్ళు సభల పెడ్తవా? ఊరికి అరిష్టం రా!"

"అరిష్టం వచ్చిపోయింది తాతా. గది వచ్చిందని తెల్వనోళ్ళకు చూపెడుతున్న." అతను తలెత్తలేదు. చేతులు ఆవంలో కుండలు పేర్చినంత ఒద్దికగా కదులుతున్నాయి. "గిది ఈ ఏడు, ఎనిమిది. గిది పోయినేడు. పది. గిది అంతకు ముందటేడు, పన్నెండు. దానెనక తొమ్మిది. గిది పదకొండు. గివన్ని పడిశం ఏండ్లు పటేలా. ఈ ఏండ్లల్ల గూడ చలి వెట్టింది, దగ్గిండ్రు, ముసలోళ్ళు పోయిండ్రు. ఎన్నడన్న పన్నెండు దాటిందా?"

రెండో గంప జీవన్ అందించాడు. ఆ వరస టెంటు గుంజ దగ్గర మొదలై, మనుషుల కాళ్ళ మధ్య నుంచి పోయి, సర్పంచి కుర్చీ దగ్గర ఆగింది. జనం తప్పుకుని దారిచ్చారు. చివరిది పెట్టి పోశాలు నడుం పట్టుకుని లేచాడు.

"గిది ఆ ఏడు. నలభై ఒకటి. దాంట్ల ముప్పై మూడు ఉగాది అయినంక రెండు నెలలల్లనే. నలుగురు అన్నవు గదా పటేలా. మిగిలిన ముప్పై ఏడుగురు భయంతోటి పోయిండ్రా? అందరికి ఒక్కపారే భయం పుట్టిందా?"

టెంటు కింద ఒకరి తర్వాత ఒకరు దగ్గారు. శ్రీపాల్ నవ్వాడు గానీ ఆ నవ్వు మూతి దాటలేదు.

"బాగున్నది లెక్క! పగిలిన కుండల మూకుళ్ళు తెచ్చి సావులంటె నమ్మాల్నా? కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు. తంతె పోయే పెంకులు గివి. సావులయితె పేర్లు చెప్పు. ఎవలెవలియి? చెప్పు మరి!"

చెప్పలేడని అతనికి తెలుసు. ఊరందరికీ తెలుసు. పేరు చెబితే కుమ్మరి కుమ్మరే కాడు. పోశాలు పళ్ళు కొరుక్కుంటూ వరస వెంట నడిచాడు. ఒకచోట వంగి, అంచుకు చంద్రవంకలా నల్లటి మసి మరక ఉన్న మూకుడును ఎత్తాడు. ఆ కుండ ఆవంలో మంట ఎక్కువ తగిలి ఓ పక్క మాడింది. ఆ పొద్దు అది తప్ప ఇంకొకటి లేకపోతే, కొమురమ్మ నొచ్చుకుంటూనే దాన్ని బయట పెట్టింది. దాన్ని తీసుకుపోయిన మనిషి దానివైపు చూడను కూడా లేదు. వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

పోశాలు నాలుగడుగులు వేసి ఆ మూకుడును శ్రీపాల్ కాళ్ళ ముందు బోర్లించాడు. పేరు పలకలేదు.

ఓ పక్క మాడిన కుండను చేతుల్లో పెట్టుకుని తండ్రి శవం ముందు నడిచిన శ్రీపాల్‌ను దూరం నుంచి, తలుపు సందుల్లోంచి చూసినవాళ్ళు ఆ సభలో చాలామందే ఉన్నారు.  అందరి కళ్ళూ ఆ మరక మీదే ఉన్నాయి. శ్రీపాల్ ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. మరుక్షణమే అంతా తిరిగి పొంగింది.

"మా నాయిన గుండె ఆగి పోయిండు! రాసి ఉన్నది, పోయి చదువుకో! నా సంగతి సరే, నీ పెండ్లాంది ఏది? గిన్ని పరిసినవు గదా, కొమురమ్మ మూకుడు ఏదో చూపెట్టు. చూపెట్టవయా!"

పోశాలు వెనక్కి తిరిగాడు. వరస మొదట్నుంచి చివరిదాకా చూశాడు. చెయ్యి ఏదో ఒకటి చూపించడానికి లేచి, గాలిలోనే ఆగిపోయింది. ఆమె వరంగల్‌లో పోయింది. అక్కడే కాల్చేశారు. ఇంట్లోంచి కుండ పోలేదు. కుండ పోకపోతే మూకుడు మిగలదు. ఐదేళ్ళుగా ఆ వరస పక్కనే పళ్ళు తోముకున్నాడు, నాలుగు రోజులుగా దాన్ని గుండెకు హత్తుకున్నాడు, అందులో కొమురమ్మే లేదన్న సంగతి తట్టలేదు. సొంత పెండ్లాన్ని మరిచి ఊరిని లెక్కపెట్టాడు. సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి.

"చూసిండ్రా? ఆమెనే లేదు. గిదీ కుమ్మరోని లెక్క!" శ్రీపాల్ జనం వైపు తిరిగాడు. ఒకరిద్దరు నవ్వారు కూడా.

"లేదు. ఎందుకు లేదో నన్నడుగు."

జీవన్ గొంతు అది. గంప పక్కన నిలబడి ఉన్నాడు. 

"అమ్మను నేనే ట్రాలీ ఆటోల తీసుకపోయిన. అంబులెన్సుకు పదిసార్లు ఫోన్ కొట్టిన, అన్ని ఊర్లల్ల తిరుగుతున్నయి, ఒక్కటి గూడ ఖాళీ లేదన్నరు. సీకటి పడ్డంక దవాఖాన ముట్టినం. తెల్లారేసరికి పాణం పోయింది. అమ్మను ఊరికి పంపేది లేదన్నరు. కాలవెట్టేకాడికి నన్నొక్కన్ని రానిచ్చిండ్రు. కుండ కోసం రెండు గంటలు తిరిగిన. ఒక్క దుకాణం తెరిచి లేదు. కుమ్మరి ఇంట్ల పుట్టిన, ఊరందరికి కుండలు వెట్టిన అమ్మ, ఆమెకు కుండ దొరకలే. ఆడ గోడ కాడ పెయింట్ డబ్బా పడి ఉంటె, దాంట్ల అగ్గి ఏసుకొని నడిసిన." తండ్రి వైపు చూడకుండా చెప్పాడు. "ఐదేండ్ల నుంచి గీ మాట నాయినకు చెప్పలే. గిప్పుడు నువ్వు చెప్పిచ్చినవు."

పోశాలు గంప అంచు పట్టుకుని కింద కూర్చున్నాడు. నవ్విన ఇద్దరూ తలలు దించుకున్నారు.

వెనకనుంచి ఎవరో జనాన్ని తోసుకుని వచ్చారు. ప్రభుదాస్. ఇండ్లు కట్టే మేస్త్రీ, చర్చిలో పెద్ద. చేతికి సిమెంటు ఇంకా అంటుకునే ఉంది.

"మావోళ్ళు గూడ లేరు దాంట్ల. మేం పాతిపెడ్తం, మాకు కుండ పని లేదు. ఆ ఏడు మా సమాధుల కాడ నేను కట్టినయి తొమ్మిది. దాంట్ల ఒకటి మా అన్నది. మిగిలిన ఏండ్లల్ల రెండు, ఎక్కువంటె మూడు. అమ్మా జ్యోత్స్నా, రాసుకో."

"మా తండావి గూడ రాయి," అంది చాందీ. తండా నుంచి మిరపకాయలు ఏరడానికి పోతూ సభ దగ్గర ఆగిన మనిషి, చేతిలో అన్నం టిఫిన్ అట్లాగే ఉంది. "మేం కుండ అంగట్ల తెచ్చుకుంటం. పోశాలన్నకు మా సంగతి తెల్వదు. ఆరుగురు. ఒక్క ఇంట్లనే ఇద్దరు. మా ఆడబిడ్డ, ఆమె మొగడు. పిల్లలు నా కాడనే ఉన్నరు." ఆమె శ్రీపాల్ వైపు తిరిగింది. "పడిశమైతె ముక్కు కారేది పటేలా. ఇల్లు కూలేది కాదు."

ఆ తర్వాత ఎవరినీ ఆపడం సర్పంచి తరం కాలేదు. ఒకామె లేచి జనగామలో పోయిన తమ్ముడిని చెప్పింది. ఇంకొకాయన హైదరాబాద్‌లో పోయిన కూతురిని చెప్పాడు. జ్యోత్స్న తలెత్తకుండా రాసుకుంటూ పోయింది. శ్రీపాల్ లెక్క తప్పని చూపించబోతే, ఆ తప్పు అతని మీదికే తిరిగింది. నలభై ఒకటి ఎక్కువ కాదు, తక్కువని తేలింది. సర్పంచి ఈసారి శ్రీపాల్ వైపు చూడకుండానే, తీర్మానం ఇవాళ వద్దంది. వచ్చే సభ దాకా దవాఖాన జాగ జోలికి ఎవరూ పోవద్దని కూడా అంది. శ్రీపాల్ కుర్చీ వెనక్కి తోసి వెళ్ళిపోయాడు. తన కాళ్ళ ముందున్న మూకుడును మాత్రం తొక్కకుండా, చుట్టూ తిరిగి పోయాడు. తండ్రీ కొడుకులు అన్నిటినీ మళ్ళీ గంపల్లోకి ఎత్తుకుని, ఇంటికి చేరి, పెరట్లో ఏ వరసవి ఆ వరసలో బోర్లించారు.

శుక్రవారం పొద్దు పొడుస్తుండగా పోశాలు రాత్రి కాల్చిన ఆవంలోని బూడిద ఎత్తుతున్నాడు. నిన్నటి కోపం పోలేదు, అడుగున నిప్పులా ఉంది. తలెత్తేసరికి గుమ్మం బయట మనిషి. మఫ్లర్ చుట్టుకుని, పిలవకుండా, ఊరికే నిలబడి ఉన్నాడు.

శ్రీపాల్.

పోశాలు బూడిద తట్ట కింద పెట్టాడు. ఎవరు పోయారు? తల్లా? ఆమెకూ వారం నుంచి దగ్గేనని విన్నాడు. ఇప్పుడడుగు, పడిశమా భయమా అని, అని లోపలి మంట ఎగదోసింది. కానీ నిలబడ్డవాడిని అడగకూడదు. అంతెత్తు కోపం కూడా ఆ పద్ధతి ముందు ఆగిపోయింది. లోపలికి పోయి కొత్త కుండ తీశాడు. మూకుడు తీసి ఎడమ చేత పట్టుకుని, కుండను గుమ్మం అవతల నేల మీద పెట్టాడు.

శ్రీపాల్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"అయ్యో, కుండకు రాలే పోశాలూ. మా ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాయిన మూకుడు ఇయ్యి. నిన్నటి సంది ఊరంత మా ఇంటి దిక్కే చూస్తున్నది. గుండె అని నేనే రాయిచ్చిన. గప్పుడు కరోనా అంటె భుజం పట్టనీకి నలుగురు వస్తుండిరా? నాయినను ఒక్కన్నే మోసుకపోవాల్నా? గుండె అంటె వచ్చిండ్రు. గది గట్లనే ఉండనీ. ఆ ఒక్కటి ఇయ్యి, పలగ్గొట్టేస్త."

పోశాలు అతన్ని ఎగాదిగా చూశాడు. ఈసారి మెడ వంగలేదు.

"అంటె భయపడ్డది మా కొమురమ్మ కాదన్నట్టు."

శ్రీపాల్ మఫ్లర్ కొసతో ముఖం తుడుచుకున్నాడు. అది పడిశానికో కాదో పోశాలు పట్టించుకోలేదు.

"మీ నాయిన మూకుడు ఇయ్య పటేలా. అందరియ్యి ఉన్నట్టు ఆయనది గూడ ఉంటది. కుండ మీది, మూకుడు మాది. మీరు కుండ పలగ్గొట్టిండ్రు, మేం మూకుడు దాచినం. ఇగ పో."

శ్రీపాల్ వచ్చినదారినే పోయాడు. గుమ్మం బయట కుండ అలాగే ఉంది. నేల మీద పెట్టిన కుండ ఇంట్లోకి రాదు. పోశాలు దాన్ని చూశాడు. చేతిలోని మూకుడును చూశాడు. వేపపుల్ల నములుతూ జీవన్ బయటికి వచ్చి, కుండను చూసి టక్కున ఆగిపోయాడు. ఎవరని అడగబోయి, పద్ధతి గుర్తొచ్చి మానుకున్నాడు.

"మీ అమ్మ," అన్నాడు పోశాలు.

జీవన్ పుల్ల పారేశాడు. పోశాలు ఆవం అడుగు కెలికి, ఇంకా ఎర్రగా ఉన్న బొగ్గులు రెండు పెంకు మీద ఎత్తుకొచ్చి కుండలో వేశాడు. కొడుకు వంగి దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. కాటికి పోయే వాగు దారి పట్టి, వెనక్కి చూడకుండా నడిచాడు. వాడు మలుపు తిరిగేదాకా పోశాలు గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత పెరట్లోకి పోయి, గోడకు ఆనుకుని ఉన్న పాత వరస కొసన, నలభై ఒకటో దాని పక్కన, ఆ మూకుడును బోర్లించాడు.

నలభై రెండు, అని పైకే అన్నాడు.